‘ప్రభువు నాతో చెప్పాడు’: ఆ మాటను తూచేదెవరు?

జవహర్‌నగర్‌లో, నాచారం, ఉప్పల్ వైపున్న హైదరాబాదు బస్తీల్లో క్రైస్తవ కుటుంబాల మాటల్లో ఒక వాక్యం తరచూ దొర్లుతుంది: “ప్రభువు నాతో మాట్లాడాడు.” ఉద్యోగం మారినా, స్థలం కొన్నా, అమ్మాయికి వచ్చిన సంబంధం వద్దనుకున్నా కారణం అడిగితే ఈ మాటే చెబుతారు. అదే వీధిలో ఇంకో ఇంటి పెద్దాయనకు ఈ మాట వింటే నొసలు ముడిపడతాయి. దేవుడు చెప్పదలచుకున్నదంతా పరిశుద్ధ గ్రంథంలో చెప్పేశాడు, దానికి మించి కొత్తగా చెప్పేదేమీ లేదు అంటాడు. ఇద్దరూ ఒకే తెలుగు బైబిలు చదువుతారు. ఆదివారం మాత్రం వేర్వేరు మెట్లెక్కుతారు.

ఈ వాదం ఇక్కడ పుట్టింది కాదు. రెండో శతాబ్దం నుంచే ఉంది. అయితే తెలుగు క్రైస్తవులకు దీనితో ఉన్న అనుభవం చాలా పెద్దది. దాన్ని దగ్గర పెట్టుకొని ఇరుపక్షాల వాదాలనూ సమీక్షిస్తే ఒక సంగతి తేలుతుంది. దేవుడు మాట్లాడతాడా లేదా అన్నచోట కన్నా, మాట్లాడాడని ఒకరు చెప్పినప్పుడు దాన్ని ఎవరు తూచాలి అన్నచోటే అసలు చిక్కు ఉంది.

ఒకే వీధిలో వేర్వేరు వంశాలు

హైదరాబాదు తూర్పు శివార్లకు జనం ఒక్క జిల్లా నుంచి రాలేదు. నాచారం పారిశ్రామికవాడలో పనికోసమో, పిల్లల చదువుకోసమో వచ్చినవాళ్లు తమ తమ సంఘాల అలవాట్లను వెంట తెచ్చుకున్నారు. గోదావరి జిల్లాల బ్రదరెన్ సంఘాలది 1836 నుంచి నడుస్తున్న చరిత్ర. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం ప్రాంతంలో దాన్ని మొదలుపెట్టారు. గుంటూరు లూథరన్లు 1842లో వచ్చిన హేయర్ దొరను తలుచుకుంటారు. ఒంగోలు బాప్టిస్టులకు 1878 జూలై 3 మరపురాని రోజు. ఆనాడు గుండ్లకమ్మ నీళ్లలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మెదక్ వైపు నుంచి వచ్చినవారిది వెస్లియన్ మిషను నుంచి సీఎస్ఐ దాకా సాగిన దారి. వీళ్లకు తోడు కతోలికులు, పెంతెకొస్తువారు, ఏ శాఖకూ చెందని స్వతంత్ర సంఘాలు.

ఊళ్లో ఉన్నప్పుడు ఒక్కో పల్లెకు దాదాపు ఒక్కటే మిషను. పక్క మిషను బోధ ఏమిటో చాలామందికి తెలియదు. నగరంలో గోడకు గోడ ఆనుకొని ఉండేసరికి తేడాలు బయటపడ్డాయి. భర్త లూథరన్, భార్య పెంతెకొస్తు అయిన ఇళ్లలో ఈ ప్రశ్న భోజనాల దగ్గరే వస్తుంది.

ఇంకో పాత సంగతి కూడా ఉంది. తెలుగు దళితులు క్రీస్తును నమ్మకముందు కూడా దైవం గురువు నోట మాట్లాడుతుందనే నమ్మకం వారికి కొత్తకాదు. ఒంగోలు ప్రాంతంలో వేలమంది మాదిగలు క్రైస్తవంలోకి రావడానికి తొలిబాట వేసిన యెర్రగుంట్ల పేరయ్య, 1866లో బాప్తిస్మం పొందకముందు గురువుల దగ్గర రాజయోగం అభ్యసించినవాడు. మిషనరీ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఆ కథ వివరంగా ఉంది. కొత్త నిబంధన తెలుగులో 1818లోనే అచ్చయినా, ఆ తొలి తరం విశ్వాసుల్లో అక్షరం వచ్చినవారు అతి తక్కువ. వాళ్లకు లేఖనం అందింది చెవి ద్వారానే. ఒకరు చదివితే, ఒకరు పాడితే, ఒకరు కథగా చెబితే విన్నారు. “లేఖనం మాత్రమే” అనే సంఘాల్లో కూడా మొదటి తరానికి దేవుని మాట ఒక మనిషి నోటి నుంచే చేరింది. ఈ వాదంలో దిగే ఇరుపక్షాలూ దీన్ని మరవకూడదు.

లేఖనం చాలు అనేవారి వాదన

ఈ పక్షానికి మూల స్తంభం హెబ్రీయులకు రాసిన పత్రిక మొదటి రెండు వచనాలు. పూర్వం ప్రవక్తల ద్వారా రకరకాలుగా మాట్లాడిన దేవుడు చివరికి కుమారుని ద్వారా మాట్లాడాడని అక్కడ ఉంది. కుమారుని తరువాత ఇంకో ప్రవక్త అవసరమేముందని వీరి ప్రశ్న. లేఖనం విశ్వాసిని ప్రతి మంచి పనికీ సిద్ధపరుస్తుందని చెప్పే రెండో తిమోతి 3:16-17, అపొస్తలులనూ ప్రవక్తలనూ సంఘానికి పునాదిగా చెప్పే ఎఫెసీయులకు 2:20 దీనికి తోడు. పునాది ఒక్కసారే వేస్తారు, పై అంతస్తు కట్టేటప్పుడు మళ్లీ పునాది తవ్వరు అంటారు.

చరిత్రలోనూ వీరికి కారణాలున్నాయి. రెండో శతాబ్దంలో, ఇప్పటి తుర్కియేలోని ఫ్రుగియ ప్రాంతంలో మొంటానస్, అతనితోపాటు ప్రిస్కిల్లా, మాక్సిమిల్లా అనే ఇద్దరు స్త్రీలు ఆత్మ తమ నోట మాట్లాడుతోందని చాటారు. సంఘం వారిని కాదనుకుంది. 1521 చివర్లో జ్వికావు నుంచి కొందరు ప్రవక్తలమంటూ విట్టెన్‌బర్గ్‌కు వచ్చి కలకలం రేపారు. లూథర్ 1522 మార్చిలో అజ్ఞాతం నుంచి తిరిగి వచ్చి ఆ కలకలాన్ని అణచాడు. రోములోని పోపు అధికారాన్ని ధిక్కరించిన మనిషే, ఆత్మ పేరు చెప్పి లేఖనాన్ని దాటే మరో అధికారాన్నీ ఒప్పుకోలేదు. 1646లో తయారైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం ఆత్మ కొత్త ప్రత్యక్షతలనైనా, మనుషుల సంప్రదాయాలనైనా లేఖనానికి కలపరాదని తీర్మానించింది. 1918లో అమెరికా పండితుడు వార్‌ఫీల్డ్ అద్భుత వరాలు అపొస్తలుల కాలానికే గుర్తులని వాదించాడు. 2013లో జాన్ మెకార్థర్ పెట్టిన ‘స్ట్రేంజ్ ఫైర్’ సమావేశం ఆ వాదనను మళ్లీ గట్టిగా వినిపించింది.

ఈ వాదనకు బలం ఎక్కడుందంటే, పుస్తకం అందరి చేతిలోనూ ఉంటుంది. కాపరి తప్పు చెబితే చదువుకున్న పిల్ల లేచి, “అయ్యగారూ, వచనం అలా లేదండీ” అనగలదు. స్వరం విన్నానన్నవాడి చెవిలోకి మరొకరు తొంగిచూడలేరు.

అయితే పుస్తకం మాత్రమే పట్టుకున్నంత మాత్రాన తప్పు జరగదని భరోసా లేదు. అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ ఏ దర్శనమూ చూడలేదు. బైబిలు అంకెలు కూడి, తీసివేసి 2011 మే 21న విశ్వాసులు ఎత్తబడతారని ప్రకటించాడు. కొందరు ఉద్యోగాలు మానుకొని, దాచుకున్న డబ్బు ఆ ప్రచారానికి ఇచ్చేశారు. ఆ రోజు మామూలుగానే గడిచిపోయింది. 1844 అక్టోబరు 22న విలియం మిల్లర్ అనుచరులకు జరిగిందీ ఇంచుమించు ఇదే. వచనాన్ని వ్యాఖ్యానించేవాడిని తూచేవారు లేకపోతే లేఖనం పేరుతోనూ జనం మోసపోతారు.

ఇప్పటికీ మాట్లాడతాడు అనేవారి వాదన

వీరు మొదట చూపేది యోవేలు 2:28, దాన్ని పెంతెకొస్తు దినాన పేతురు అన్వయించిన అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం. కుమారులూ కుమార్తెలూ ప్రవచిస్తారని, వృద్ధులకు కలలు వస్తాయని అక్కడ వాగ్దానం. ఫిలిప్పు నలుగురు కుమార్తెలు ప్రవచించేవారని 21:9 చెబుతోంది. ఈ వరాలు ఆగిపోతాయని బైబిలు ఎక్కడ చెప్పిందో చూపమని వీరు అడుగుతారు. అవతలివారు మొదటి కొరింథీయులకు 13:8-10 చూపిస్తారు. పూర్ణమైనది వచ్చినప్పుడు ప్రవచనాలు ఆగిపోతాయని అక్కడ ఉంది. ఆ పూర్ణమైనది బైబిలు గ్రంథం పూర్తి కావడమా, క్రీస్తు తిరిగి రావడమా అన్నదే తగువు. దాని వెంటనే వచ్చే 12వ వచనంలో ముఖాముఖిగా చూసే మాట ఉంది కనుక రెండో అర్థమే సహజంగా అనిపిస్తుంది. లేఖనం చాలు అనే పండితుల్లో కూడా చాలామంది ఇప్పుడు ఈ వచనం మీద తమ వాదనంతా నిలపడం లేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ పక్షానికి ఊపు వచ్చింది. 1905లో పండిత రమాబాయి నడిపిన కేడ్‌గావ్ ముక్తి సదనంలో ఉజ్జీవం మొదలైంది. 1906లో లాస్ ఏంజెలిస్‌లోని అజూసా వీధిలో విలియం సీమోర్ కూటాలు మొదలయ్యాయి. తెలుగునాట పెంతెకొస్తు బోధను స్థిరపరచినవారిలో కేరళ నుంచి వచ్చిన పి.ఎం. సామ్యూల్ ముఖ్యుడు. కేరళలో పుట్టిన ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో రిజిస్టరైంది మన ఏలూరులోనే.

ఈ బోధ పేదలను ఎందుకు ఆకట్టుకుందో ఊహించడం కష్టం కాదు. సెమినరీ చదువు, ఇంగ్లీషు వ్యాఖ్యాన గ్రంథాలు, మిషను జీతం ఏవీ లేని కూలీ స్త్రీ కూడా లేచి, ప్రభువు నాతో మాట్లాడాడని సాక్ష్యం చెప్పవచ్చు. పాత మిషను సంఘాల్లో పెద్దల కమిటీకి, అందులోనూ మగవారికే, ఉన్న అధికారాన్ని అది కొంత పంచింది. ప్రార్థన గుంపులో ఇంటిపని చేసుకునే అమ్మ చెప్పిన మాటను పాస్టరు తలవంచి వినడం ఈ సంఘాల్లో కనిపించే దృశ్యం.

ప్రమాదమూ అక్కడి నుంచే వస్తుంది. అందరికీ తెరుచుకున్న తలుపు కొన్నాళ్లకు ఒక్క ‘దైవజనుడి’కే తెరుచుకుంటే, పాత కమిటీ కన్నా కొత్త అధికారం మరింత బరువైపోతుంది. కమిటీ తీర్మానాన్ని ఎదిరించవచ్చు. దేవుడు చెప్పాడన్న మాటను ఎదిరిస్తే దేవుణ్ణి ఎదిరించినట్టే అన్న భయం పట్టుకుంటుంది.

ఇద్దరు పెద్దల సాక్ష్యం

తెలుగువారి మధ్య ఈ ప్రశ్నను తమ జీవితాలతో పరీక్షించినవారు ఇద్దరున్నారు: భక్తసింగ్, దేవదాసు అయ్యగారు.

భక్తసింగ్ 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. ఇంజనీరింగు చదువుకోసం విదేశాలకు వెళ్లి, 1929 డిసెంబరులో కెనడాలోని విన్నిపెగ్‌లో కొత్త నిబంధన చదువుతూ యోహాను సువార్త మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయానని, అక్కడే క్రీస్తు తనను పట్టుకున్నాడని సాక్ష్యం చెప్పాడు. ఆ అనుభవంలో పుస్తకాన్నీ స్వరాన్నీ విడదీయలేం. 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండమీద రాత్రంతా ప్రార్థించిన తరువాతే యెహోవా షమ్మా సంఘం మొదలైంది. 1950లో గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర ఆయన సంఘాలకు కేంద్రమైన హెబ్రోను వెలిసింది. 2000 సెప్టెంబరు 17న అక్కడే ఆయన కన్నుమూశాడు. ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని పంపాలి అన్న ప్రతి నిర్ణయానికీ మోకాళ్లూని, వాక్యం దొరికేదాకా కనిపెట్టడం ఆ సంఘాల అలవాటు. దేవుని చిత్తం ప్రత్యక్షంగా తెలుస్తుందని నమ్మేవారు, కాని అది వచనం రూపంలోనే రావాలని ఎదురుచూసేవారు. నాచారంలో ఉన్న హెబ్రోను కుటుంబం ఇల్లు మారేముందు కూడా, “వాక్యం వచ్చిందా?” అని అడగడం ఈ అలవాటు నుంచి వచ్చిందే.

ముంగమూరి దేవదాసు అయ్యగారి దారి వేరు. ఆయన లూథరన్ సంఘంలో పెరిగి, పనిచేసిన బోధకుడు. 1938 జనవరి 31న రాజమండ్రిలో, గాలిలో బంగారు అక్షరాలతో ‘బైబిలు మిషను’ అనే పేరు కనబడిందని చెప్పి ఆ సంఘాన్ని స్థాపించాడు. గ్రంథం పేరు పెట్టుకున్న మిషనే దర్శనంతో మొదలవడం ఈ చర్చలో ఎవరూ దాటిపోలేని వాస్తవం. దేవుడు కనబడాలని, మాట్లాడాలని ప్రతి విశ్వాసీ నేరుగా అడగవచ్చని ఆయన నేర్పాడు. సందేహం వస్తే మనుషులతో తగాదా పడకుండా దేవుణ్ణే అడగమన్నాడు. సన్నిధి కూటాల్లో మౌనంగా కనిపెట్టడం అక్కడ ఆరాధనలో భాగం. ఆయన 1960లో మరణించాడు. గుంటూరు దగ్గర ఏటా జనవరి చివర్లో జరిగే మహాసభలకు ఇప్పటికీ జనం పెద్దయెత్తున వెళతారు.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే పైకి కనిపించే తేడా కన్నా లోపలి పోలిక పెద్దది. ఇద్దరూ ఆస్తి వెనకేసుకోలేదు. విన్నామన్న స్వరానికి వాళ్లు మొదట తమ బతుకులనే ఖర్చుపెట్టారు. వినేవారు వాళ్లను నమ్మడానికి అది పెద్ద కారణం.

కతోలికుల దారి

ఉప్పల్‌కు పక్కనే రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ ప్రాంతీయ సెమినరీ ఉంది. తెలుగు కతోలిక గురువుల్లో ఎందరో అక్కడ చదివినవారే. ఆ సంప్రదాయం ఈ ప్రశ్నకు ఒక గీత గీసి జవాబు చెప్పింది. క్రీస్తులో ముగిసిన బహిరంగ ప్రత్యక్షత అందరినీ కట్టివేస్తుంది. రెండో వాటికన్ మహాసభ 1965లో దీన్ని మళ్లీ చెప్పింది. తరువాత వచ్చే దర్శనాలు వ్యక్తిగత ప్రత్యక్షతలు. సంఘం ఒప్పుకున్నా సరే, వాటిని నమ్మితీరాలన్న నిర్బంధం ఎవరి మీదా లేదు.

విజయవాడ గుణదల కొండకు ఏటా ఫిబ్రవరిలో వెళ్లే లక్షల మంది వెనక ఇలాంటి దర్శనం ఒకటుంది. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పేదపిల్ల చూశానన్న మరియమాత గుహకు ప్రతిరూపమే గుణదల. ఆ పిల్ల మాటను అక్కడి మేత్రాసనం వెంటనే నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. విచారణ జరిపించి 1862లో ఒప్పుకుంది. 2024 మేలో వాటికన్ ఈ పద్ధతిని ఇంకా జాగ్రత్తగా మార్చింది. ఇకమీదట మామూలుగా బిషపులు ఒక దర్శనం దైవికమేనని ప్రకటించరు. ఆ భక్తిలో హాని లేదని మాత్రమే చెబుతారు. నిదానంగా సాగే వ్యవస్థే అయినా, తూచే బాధ్యత ఎవరిదో అందులో స్పష్టంగా ఉంది.

మధ్యలో వాగ్దానం చీటీ

డిసెంబరు 31 రాత్రి ఈ బస్తీల్లో ఏ శాఖవారి మందిరానికి వెళ్లినా చాలాచోట్ల కనిపించేది వాగ్దానం. పళ్లెంలో మడతపెట్టిన చీటీలో, రంగురంగుల కార్డులో ఉంటాయి. ఒక్కొక్కరు ఒకటి తీసుకొని వచనం చూసుకొని కళ్లు తుడుచుకుంటారు, లేదా పక్కవారికి చూపిస్తారు. ఏడాదంతా అది ఇంటి గోడమీదో, బైబిలు మధ్యలోనో ఉంటుంది. కొత్త ప్రత్యక్షతలు లేవనే సంఘంలోనూ, “ఈ ఏడు దేవుడు నాకిచ్చిన మాట” అనడానికి ఎవరూ జంకరు. మాట లేఖనానిది. అది నా చేతికి రావడం మాత్రం దేవుని పని అని నమ్మకం.

ఈ పద్ధతికి దూరపు చుట్టం జర్మనీలో ఉంది. హెర్న్‌హూట్‌లోని మొరేవియన్ సంఘం 1731 నుంచి ఏటా ప్రతి రోజుకూ ఒక వచనాన్ని చీటీలు వేసి తీసి అచ్చువేస్తోంది. ఇప్పుడది యాభైకి పైగా భాషల్లో వస్తోంది. చీటీ తీయడం జోస్యం కాదా అని అడిగేవారున్నారు. వచనాన్ని దాని సందర్భం నుంచి తెంచి మన కోరికకు అతికించుకుంటే ఆ ఆక్షేపణ న్యాయమే. బబులోను చెరలో ఉన్న జనాంగానికి యిర్మీయా రాసిన మాటను మన ఫ్లాటు రిజిస్ట్రేషనుకు హామీగా చదవలేం. అయినా ఈ చీటీ ఇరుపక్షాల గోడ అనుకున్నంత ఎత్తు లేదని రుజువు చేస్తుంది. వాళ్లు తగువుపడే విషయం సిద్ధాంతంలో పెద్దది, ఇంటి గోడమీద చిన్నది.

బైబిలే చూపే తూకం

దేవుడు చెప్పాడన్న మాటను ఎలా తూచాలో కొత్త, పాత నిబంధనలు రెండూ కథలతోనే చెబుతాయి. అపొస్తలుల కార్యములు 16లో మాసిదోనియ మనిషి దర్శనం పౌలు ఒక్కడికే కనిపించింది. దాన్నిబట్టి దేవుడు పిలిచాడని నిశ్చయించుకున్నది మాత్రం ‘మేము’, అంటే తోటివారంతా కలిసి. 21వ అధ్యాయంలో తూరులోని శిష్యులు ఆత్మ ద్వారా పౌలును యెరూషలేముకు వెళ్లవద్దన్నారు. అతను వెళ్లాడు. అగబు అతని నడికట్టుతో తన చేతులు కాళ్లు కట్టుకొని, యూదులు ఇలా కట్టి అన్యజనులకు అప్పగిస్తారని ప్రవచించాడు. తీరా చూస్తే కట్టింది రోమా సైనికులు. ప్రవచనంలో సారం నిజమైనా వివరం తప్పవచ్చని వేన్ గ్రూడెమ్ 1988లో ప్రవచన వరం మీద రాసిన పుస్తకంలో దీన్ని ఆధారం చేసుకున్నాడు. అవతలిపక్షం 28:17 చూపిస్తుంది. అక్కడ పౌలే తనను యెరూషలేము నుంచి రోమీయులకు అప్పగించారని చెప్పుకున్నాడు కనుక అగబు తప్పలేదంటుంది. ఎవరిది సరైనా, ప్రవచనం విన్న పౌలు దాన్ని ఆజ్ఞగా తీసుకోలేదు. తన నిర్ణయం తానే మోశాడు.

ఇంతకన్నా భయపెట్టే కథ మొదటి రాజులు 13లో ఉంది. యూదా నుంచి వచ్చిన దైవజనుడికి బేతేలులో ఏమీ తినవద్దని దేవుడు నేరుగా చెప్పాడు. బేతేలులోని ముసలి ప్రవక్త, దేవదూత తనతో వేరుగా చెప్పాడని అబద్ధమాడి ఇంటికి పిలిచాడు. నమ్మి తిన్నవాణ్ణి దారిలో సింహం చంపింది. తనకు తెలిసిన దేవుని మాటను పక్కనపెట్టి మరొకరు విన్నామన్న మాటను పట్టుకుంటే ఏమవుతుందో ఆ కథ దాపరికం లేకుండా చెప్పింది.

తొలి సంఘాల క్రమాన్ని చెప్పే ‘దిదాకే’ అనే చిన్న గ్రంథం ఇంకా సూటిగా ఉంది. ఆత్మలో మాట్లాడుతూ తనకోసం డబ్బు అడిగినవాడు అబద్ధ ప్రవక్త. ఊరికి వచ్చి మూడు రోజులు తిష్ఠవేసినవాడూ అంతే. ప్రవచనాన్ని నమ్మే సంఘమే ఈ నియమం పెట్టుకుంది. ప్రవచనాలను నిర్లక్ష్యం చేయవద్దని, అన్నిటినీ పరీక్షించమని ఒకే ఊపులో చెప్పిన మొదటి థెస్సలొనీకయులకు 5:20-21 సారమూ ఇదే.

ఎంత అడిగితే అంత సాక్ష్యం

ఇంతవరకు చూసినదాన్నిబట్టి సమీక్షకుడిగా నాకు తోచిన తీర్పు ఇది. లేఖనానికి సమానమైన మాట ఇప్పుడు ఎవరి నోటా రాదన్నచోట పాత సంఘాలది పైచేయి. ఆత్మ ఇప్పటికీ మనసును కదిలిస్తాడని, ఒక వచనాన్ని ఒక మనిషికి ఒక పూట ప్రత్యేకంగా తాకిస్తాడని చెప్పడంలో రెండో పక్షం బైబిలుకు దగ్గరగా ఉంది. వాగ్దానం చీటీని భద్రంగా దాచుకునే పాత సంఘం సభ్యుడు కూడా లోలోపల దీన్ని ఒప్పుకుంటాడు.

ఇక ఆ మాట ఎవరిని కట్టివేస్తుందన్నది లెక్క. తెల్లవారి లేచి ప్రార్థించాలనో, అలిగిన అన్నతో మాట్లాడాలనో ప్రభువు చెప్పాడని ఒకరనుకుంటే దానికి సాక్షులు అక్కర్లేదు. తప్పినా నష్టం తనకే, చాలాసార్లు నష్టమూ ఉండదు. సంఘమంతా ఒక స్థలం కొనాలని ప్రభువు చెప్పాడంటే పెద్దలు, లెక్కలు, కాగితాలు, కాలం అన్నీ కావాలి. ఫలానా అబ్బాయినే చేసుకోవాలని, మందులు ఆపేయాలని, బంగారం అమ్మి ఇవ్వాలని ఒకరు మరొకరికి ప్రవచనం చెబితే ఆ మాటకు అన్నిటికన్నా ఎక్కువ సాక్ష్యం ఉండాలి. పెళ్లి చేసుకోబోయే అమ్మాయితో దేవుడు మాట్లాడలేదా అని మొదట అడగాలి. డాక్టరు రాసిన మాత్రలు ఆపమన్న ప్రవచనాన్ని ఇంకో ఆలోచన లేకుండా పక్కన పెట్టాలి. చెప్పినవాడికే లాభం చేరే మాటను దిదాకే కొలతతో కొలవాలి.

ఈ పద్ధతికి అడ్డం వచ్చేది సిద్ధాంతం కాదు, సంఘం నిర్మాణం. సీఎస్ఐకి బిషపు, కతోలికులకు మేత్రాసనం, బాప్టిస్టులకు సంఘ కూడిక ఉన్నాయి. షట్టరు గదిలో మొదలైన స్వతంత్ర సంఘానికి కాపరి ఒక్కడే. బోధించేది, ప్రవచించేది, కానుక లెక్క చూసేది అతడే. మొదటి కొరింథీయులకు 14:29 ప్రవక్తలు మాట్లాడితే ‘ఇతరులు’ వివేచించాలంటుంది. ఆ గదిలో ఇతరులంటే చాప మీద కూర్చున్న విశ్వాసులే: ఆటో నడిపే తండ్రి, నర్సు ఉద్యోగం చేసే కూతురు, మంగళవారం ప్రార్థన నడిపే అమ్మలు. తూచే హక్కు తమకుందని వాళ్లకు పీఠం మీది నుంచి ఎవరూ చెప్పరు. కాని ఆ వచనం వాళ్ల బైబిళ్లలోనే ఉంది. పాస్టరు అనుమతి కోసం చూడకుండా వాళ్లే దాన్ని తీసి చదివి, వచ్చే ఆదివారం నుంచి అడగడం మొదలుపెట్టవచ్చు.